పెద్దవాళ్లతో ఒక్కపూట విహారం: బెజవాడ చుట్టుపక్కల ఎక్కడికి, ఎలా?

"ఈ వారం అలా బయటికి వెళ్లొద్దామా?" అని అడిగితే డెబ్భై దాటినవాళ్ల నోట వచ్చే మొదటి మాట "నాకెందుకులే, మీరు వెళ్లిరండి". ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకోకండి. దారిలో బాత్రూమ్ ఉంటుందో లేదో, మెట్లెన్ని ఉంటాయో, తన వల్ల అందరికీ ఆలస్యమవుతుందేమో అన్న బెంగలే చాలాసార్లు అలా అనిపిస్తాయి. వాటికి జవాబు సిద్ధం చేసుకుని, "పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం కునుకు వేళకి ఇంటికొచ్చేస్తాం, మెట్లు లేవు, వెస్ట్రన్ బాత్రూమ్ ఉంది, నేను చూసొచ్చాను" అని చెప్పి చూడండి. చీర మార్చుకోవడానికి లేస్తారు.

ఈ వ్యాసం బెజవాడలో, చుట్టుపక్కల ఉండేవాళ్లకోసం. చోట్ల పేర్లు మార్చుకుంటే పద్ధతి ఏ ఊరికైనా పనికొస్తుంది. నేను గట్టిగా పట్టుబట్టేవి రెండే. రోజుకు ఒక్క చోటు. ఆ చోటు గురించి మనం వాళ్లకు చెప్పడం కాదు, వాళ్లు మనకు చెప్పగలిగేదై ఉండాలి. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. "చూపించడానికి" తీసుకెళ్తే పెద్దవాళ్లు గంటలో అలిసిపోతారు. అదే వాళ్ల నోట్లో కబురు ఉన్న చోటికి తీసుకెళ్తే మనకే కాళ్లు లాగుతాయి.

1. ముందు అడగాల్సినవి

ఎక్కడికి వెళ్దామని అడిగితే "మీ ఇష్టం" అంటారు. ఆ ప్రశ్న వదిలేసి చిన్న చిన్నవి అడగండి. ఆగకుండా ఎంతసేపు నడవగలరు? కింద కూర్చుని లేవగలరా? మెట్లు ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా? మోకాళ్లు అరిగినవాళ్లలో చాలామందికి దిగడమే నరకం, కాబట్టి "ఎక్కగలరు కదా" అని ధైర్యపడొద్దు. ఎంతసేపటికోసారి బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుంది? ఈ చివరిది మామగారిని కోడలు అడిగితే ఇబ్బందిగా ఉంటుంది. కొడుకో మనవడో అడగాలి. అత్తగారినైతే కోడలే అడగడం నయం.

బీపీకో, గుండెకో నీళ్ల మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేది) వాడేవాళ్లకు అది వేసుకున్న కొన్ని గంటలపాటు మాటిమాటికీ వెళ్లాల్సొస్తుంది. ప్రయాణం రోజున దాని వేళ మార్చుకోవచ్చా అని డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానిపించొద్దు. అంతకంటే ముఖ్యం, బాత్రూమ్ భయంతో పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లుంటారు. పదకొండింటికి కళ్లు తిరిగాయంటే చాలాసార్లు కారణం అదే.

2. నెల, వారం, వేళ

బెజవాడ ఎండ గురించి బెజవాడవాళ్లకు చెప్పక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లను పగలు బయటికి తీయకపోవడమే మర్యాద. వానాకాలంలో అయితే ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తారన్న వార్త వచ్చినప్పుడు సాయంత్రం కారులోనే ఒక చుట్టు వేసి రండి. అది చాలు.

కార్తీకంలో వెళ్దామంటారు. బాగుంటుంది కూడా, కానీ సోమవారాలూ పౌర్ణమీ వదిలేయండి. అమరావతి పంచారామాల్లో ఒకటి, ఆ రోజుల్లో ఇసుక వేస్తే రాలదు. ఒక్క రోజులో పంచారామాలన్నీ తిప్పే కార్తీకం బస్సులు గట్టివాళ్లకే. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒకే రోజున చుట్టాలంటే కూర్చున్న నడుం కూర్చున్నట్టే ఉండాలి. పుణ్యం సంగతి నేను చెప్పలేను, విహారం మాత్రం కాదు.

వారంలో మంగళ, బుధ, గురువారాలు ఖాళీగా ఉంటాయి. శుక్రవారం అమరావతి మ్యూజియంకు సెలవు, ఇటు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడికి రద్దీ. రెండు విధాలా కలిసిరాని రోజు. అందరికీ ఆదివారమే సెలవైతే మరీ పొద్దున్నే వెళ్లి, జనం వచ్చే వేళకి తిరుగుముఖం పట్టండి.

ఏడింటికి గడప దాటాలి. పన్నెండున్నరకి భోజనం ముందు కూర్చోవాలి, రెండున్నర కల్లా ఇంట్లో మంచమ్మీద నడుం వాల్చాలి. సాయంత్రం దాకా ఉందామన్న ఆశ మనకు పుడుతుంది. పెద్దవాళ్లకు మాత్రం మధ్యాహ్నం కునుకు తప్పితే ఆ రాత్రి నిద్ర కూడా చెడుతుంది.

అమెరికా నుంచి డిసెంబరులో వచ్చే పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఉన్న రెండు వారాల్లో తిరుపతి, శ్రీశైలం, అన్నవరం చుట్టేసి అమ్మానాన్నల రుణం తీర్చుకోవాలని చూస్తారు. దానికి బదులు మూడు రోజులకొకసారి ఒక్కపూట పెట్టుకోండి. మీరు విమానమెక్కాక వాళ్లు జ్వరంతో పడుకోకుండా ఉంటారు.

3. ముందే వెళ్లి చూసి రండి

ఈ మెట్టు దాటేయకండి. గూగుల్‌లో ఫొటోలు చూస్తే గోపురం కనిపిస్తుంది గానీ గోపురం కింద గడప ఎత్తు కనిపించదు. ఓ సాయంత్రం బండి వేసుకుని వెళ్లి ఇవి చూడండి: కారు ఎంత దగ్గరదాకా వెళ్తుంది, అక్కడినుంచి నడక ఎంత, మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉందా, నీడలో కూర్చునే బల్ల ఉందా, బాత్రూమ్ కమోడ్ ఉన్నదా, తలుపు గడియ పడుతుందా, నీళ్లొస్తున్నాయా. దారిలో మంచి హోటలో పెట్రోలు బంకో ఒకటి గుర్తుపెట్టుకోండి. వెళ్లలేకపోతే ఆ ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. "బాగానే ఉంటుందండీ" అన్న జవాబుతో ఊరుకోకుండా మెట్లు లెక్కపెట్టించండి.

4. బండి

ఎత్తు బండి ఎక్కడం మోకాళ్లకు కష్టం, మరీ కిందికున్న కారులోంచి లేవడం నడుముకు కష్టం. సీటు తుంటి ఎత్తుకు దగ్గరగా ఉన్న బండి మేలు. ఎక్కేటప్పుడు ముందు కాలు పెట్టనివ్వకండి. సీటుకు వీపు పెట్టి కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దిగేటప్పుడు దీనికి తిరగేసి. అద్దెకు టెంపో ట్రావెలర్ తీసుకుంటే మొదటి మెట్టు చాలా ఎత్తులో ఉంటుంది. గట్టి చెక్కపీట ఒకటి వేసుకెళ్లండి. ముందు సీటు వయసులో పెద్దవాళ్లకు కాదు, మోకాళ్లు ఎక్కువ నొప్పిగా ఉన్నవాళ్లకు. ఈ ఒక్క విషయంలో మర్యాద పక్కన పెట్టాలి.

ఓపిక ఉన్నవాళ్లకు ఆర్టీసీ బస్సు కూడా బాగుంటుంది. ఏపీఎస్‌ఆర్టీసీలో 60 ఏళ్లు దాటినవాళ్లకు టికెట్టులో 25 శాతం రాయితీ ఉంది, వయసు తెలిపే కార్డు చూపాలి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. దీనికీ గుర్తింపు కార్డు దగ్గరుండాలి. టికెట్టు లేదని కాదు, బస్సు కిటికీ పక్కన కూర్చుని కొత్తవాళ్లతో మాట కలపడమంటే కొందరు పెద్దావిడలకు అసలు విహారం అదే.

5. సంచిలో ఏం ఉండాలి

మాత్రలు ఆ రోజువే కాకుండా మర్నాటివి కూడా. వాడే మందుల పేర్లు, డాక్టరు నంబరు, ఇంటివాళ్ల నంబరు రాసిన కాగితం ఒకటి సంచిలో, ఒకటి వాళ్ల జేబులోనో పర్సులోనో. మతిమరుపు మొదలైనవాళ్లకు ఈ కాగితం తప్పనిసరి. షుగరున్నవాళ్లకోసం గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ. ఒళ్లు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఇన్సులిన్‌ను ఆగి ఉన్న కారులో వదలొద్దు, ఎండకు పాడవుతుంది.

పాత మేజోళ్లు ఒక జత పెట్టండి. గుడి ఆవరణలో బండలు పదింటికే కాలతాయి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు కాలుతున్నట్టు తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బ కనిపిస్తుంది. ఆ పుండు మానడానికి నెలలు పట్టవచ్చు. గుడికి మేజోళ్లేమిటని ఎవరైనా అంటే అననివ్వండి.

ఇవి కాక గొడుగు, చేతికర్ర, తువ్వాలు, ఒక జత బట్టలు, మడత కుర్చీ. తాగే నీళ్లు కాకుండా ఫ్లాస్కులో పల్చటి మజ్జిగ.

తిండి ఇంటినుంచి పట్టుకెళ్లడం గురించి ఇంట్లో పెద్ద చర్చ జరుగుతుంది. నా ఓటు సగం సగం. పొద్దున టిఫిను బయట, ఇడ్లీ. హోటల్లో ఆర్డరిచ్చి తినడం వాళ్లకు సరదా. "ఇంట్లో ఇంతకంటే బాగా చేస్తాను" అనడం ఇంకా సరదా. మధ్యాహ్నానికి ఇంటినుంచి పులిహోర, దద్దోజనం. పళ్లు కట్టించుకున్నవాళ్లు పులిహోరలో శనగపప్పు నమలలేరు, వాళ్లకు విడిగా తీసిపెట్టండి. షుగరు మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యం కాకూడదు, అందుకే పన్నెండున్నర అన్నాను.

6. ఎక్కడికి?

ఇక అసలు సంగతి. కష్టం తక్కువున్న చోటుతో మొదలుపెడతాను.

*ఊళ్లోనే.* మొదటిసారి దూరం పోవద్దు. బందరు రోడ్డులోని బాపు మ్యూజియం చాలు. విక్టోరియా జూబిలీ మ్యూజియం అంటేనే పెద్దవాళ్లకు తెలుస్తుంది. అల్లూరులో దొరికిన బుద్ధుడి విగ్రహం ఇక్కడుంది. ఇక్కడ కబురు మాత్రం 1921ది. ఆ ఏడాది బెజవాడలో జరిగిన కాంగ్రెసు సమావేశాలప్పుడే పింగళి వెంకయ్య గారు జెండా నమూనాను గాంధీగారికి ఇచ్చారు. ఆ రోజుల గురించి తాతల నోట విన్న కథ ఏదో ఒకటి ప్రతి కృష్ణా జిల్లా ఇంట్లోనూ ఉంటుంది. నిజమో కోతో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు చెప్పనివ్వండి. అక్కడినుంచి బ్యారేజీ మీదుగా ఒకసారి అవతలికి వెళ్లి రండి. 1855 నాటి ఆనకట్ట స్థానంలో వచ్చిన ఈ బ్యారేజీని 1957లో ప్రారంభించారు. ఎనభై దాటినవాళ్లు దాన్ని కడుతుండగా చూసి ఉండవచ్చు. అడగండి.

*కొండపల్లి.* ఊరికి దాదాపు ఇరవై కిలోమీటర్లు. కోట కొండమీద ఉంది, దాని జోలికి పోవద్దు. బొమ్మల కాలనీకి వెళ్లండి. ఇళ్ల వరండాల్లోనే పని జరుగుతుంటుంది. తెల్ల పొణికి కర్రను చెక్కి, ముక్కల్ని చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు. ఏనుగు అంబారీ, దశావతారాలు, కల్లుగీసే చెట్టు, ఎద్దుబండి చూడగానే అమ్మమ్మలకు పుట్టింటి బొమ్మల కొలువు గుర్తొస్తుంది. ఏ మెట్టు మీద ఏ బొమ్మ పెట్టాలో వాళ్లే చెబుతారు. సంక్రాంతికి ముందు వారం రోజుల్లో వెళ్తే మంచిది. పనివాళ్లు నేలమీద కూర్చుని ఉంటారు కాబట్టి, వాళ్ల పక్కన కూర్చోవాలనుకునే పెద్దవాళ్లకోసం మీ మడత కుర్చీ ఇక్కడ బయటికి తీయండి. కొనే డబ్బు వాళ్ల చేతిలోనే ముందుగా చిల్లరగా పెట్టండి. ఫోన్‌తో మీరు స్కాన్ చేసి కట్టేస్తే బేరమాడే సరదా పోతుంది.

*మంగళగిరి.* కింద లక్ష్మీనరసింహస్వామి గుడి, పైన పానకాలస్వామి. కింది గుడి తూర్పు గోపురం 11 అంతస్తులు, 153 అడుగులు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించినది. పైకి మెట్లే కాక ఘాట్ రోడ్డు కూడా ఉంది, బండి వెళ్తుంది. పై గుడి మధ్యాహ్నం దాకానే తెరిచి ఉంటుంది. రాత్రి దేవతలొచ్చి పూజిస్తారని నమ్మకం. స్వామికి పోసిన పానకంలో సగం తాగి సగం ప్రసాదంగా వదులుతాడంటారు. ఆ సగం షుగరున్నవాళ్లకు ఒక గుక్క మించి ఇవ్వకండి. "ప్రసాదానికి షుగరుండదురా" అంటారు, మీరు మాత్రం గట్టిగా ఉండండి.

మంగళగిరిలో నాకు ఎక్కువ నచ్చేది దర్శనం అయ్యాక చీరల దుకాణం. నిజాం అంచు మంగళగిరి నేత గురించి పెద్దావిడలకు తెలిసినంత మనకు తెలియదు. అంచు పట్టి చూసి మగ్గానిదో మరదో చెప్పేస్తారు. కుర్చీ వేసి, ఫ్యాను కింద కూర్చోబెట్టే దుకాణం చూసుకోండి. గంట సేపు నడక లేకుండా గడిచిపోతుంది. మగవాళ్లను ఆ గంటా ఏం చేయాలన్నది ఒక సమస్యే. దగ్గర్లో కాఫీ హోటలు చూపించి వదిలేయండి.

*ఉండవల్లి.* అందరూ చెప్పే చోటు, నేను సగం మనసుతోనే చెబుతాను. నాలుగంతస్తుల రాతి గుహలు, పైనున్న ఒక అంతస్తులో శయనించిన అనంతపద్మనాభుడు. అద్భుతమే, కానీ ఆ స్వామిని చూడాలంటే రాతి మెట్లెక్కాలి. మోకాళ్లు బాగున్నవాళ్లు ఎక్కండి. మిగతావాళ్లను కింద పచ్చికలో నీడన కూర్చోబెట్టి ఒకరు తోడుండండి. ఫోన్‌లో వీడియో తీసి తెచ్చి చూపించడం కొంత ఊరట. ఎవరూ ఎక్కలేని బృందమైతే వేరే చోటు ఎంచుకోండి.

*అమరావతి.* నదిపక్క దారిలో దాదాపు ముప్పై అయిదు, నలభై కిలోమీటర్లు. దారే సగం విహారం. ముందు అమరేశ్వరుడి దర్శనం చేసుకోండి. లింగం దాదాపు పదిహేనడుగుల ఎత్తు, అర్చకులు పైకెక్కి అభిషేకం చేస్తారు. గుడికి మెట్లున్నాయి, తొందర లేకుండా ఎక్కించండి. తర్వాత నేల మట్టాన ఉన్న మ్యూజియం, మహాచైత్యం. చైత్యం దగ్గర ఇప్పుడు మిగిలింది ఇటుకల దిబ్బా కొన్ని రాళ్లూ. సున్నపురాతి శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఈ మాట చెప్పగానే రిటైరైన మాష్టార్లకు ఆవేశం వస్తుంది, చర్చ మొదలవుతుంది. అలాంటివాళ్లు బృందంలో ఇద్దరుంటే మీకిక పనుండదు. 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ణి దూరం నుంచి కారులో కూర్చుని చూసినా సరిపోతుంది. నది ఒడ్డు మెట్లు పాచిపట్టి జారుతాయి. స్నానం చేస్తానని పట్టుబడితే చెంబుతో నీళ్లు తెచ్చి నెత్తిన చల్లండి.

*కూచిపూడి వైపు.* దూరం ఎక్కువ, ఒక వైపు దాదాపు గంటన్నర. పాటా పద్యం ఇష్టమున్న పెద్దవాళ్లకు దీన్ని మించింది లేదు. పామర్రు దగ్గర తిరిగితే సిద్ధేంద్ర యోగి కూచిపూడి. అక్కడికి దగ్గర్లోనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వ గోపాలుడు ఇక్కడి వేణుగోపాలస్వామే. ఇంకాస్త ముందుకు పోతే ఘంటసాలలో బౌద్ధ స్తూపం. ఆ తర్వాత కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం, అంటే ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు. కృష్ణదేవరాయలకు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్న ఆంధ్ర మహావిష్ణువు గుడి ఇక్కడే. నాలుగూ చూడాలని పెట్టుకోవద్దు. కూచిపూడి, మొవ్వ ఒక రోజు. ఘంటసాల, శ్రీకాకుళం మరో నెల. కారులో పాటలు పెట్టకండి. "ఆ పద్యం ఎలా ఉంటుంది తాతయ్యా" అని ఒక్కసారి అడిగితే పామర్రు దాకా రేడియో అక్కర్లేదు.

7. అక్కడికి వెళ్లాక

ఇద్దరు పెద్దవాళ్లకు ఒక్క చిన్నవాడైనా తోడుండాలి. చిన్నవాళ్లు ముందు నడవకూడదు, పక్కన నడవాలి. చెయ్యి మీరు పట్టుకోకండి, మీ మోచేయి వాళ్లకివ్వండి. పట్టు వాళ్లదైతే భయం తగ్గుతుంది. ఇరవై నిమిషాలకోసారి కూర్చోబెట్టండి, "అలసిపోయారా" అని అడగకుండా "నేను కాసేపు కూర్చుంటాను" అనండి. ఆగిన ప్రతి చోటా నీళ్లు ఇవ్వండి, బాత్రూమ్ చూపించండి. గుండెజబ్బో కిడ్నీ జబ్బో ఉండి నీళ్లు ఇంతే తాగాలని డాక్టరు చెప్పి ఉంటే ఆ లెక్క దాటొద్దు.

పడవ ఎక్కాలంటే పర్యాటక శాఖ నడిపే రేవునుంచే ఎక్కండి. లైఫ్ జాకెట్ వేయకుండా కదలనివ్వొద్దు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కేటప్పుడు కదిలే పడవలోకి అడుగేయడం మోకాళ్ల నొప్పులవాళ్లకు ప్రమాదం. వాళ్లు ఒడ్డునే ఉంటామంటే బలవంతపెట్టకండి.

ఒంటరిగా ఉండే పక్కింటి పిన్నిగారినో, భార్య పోయిన ఎదురింటి మాష్టారినో కూడా పిలవండి. మన ఇంటి పెద్దవాళ్లకు మనతో కంటే ఈడువాళ్లతోనే ఎక్కువ మాటలుంటాయి. వాళ్ల పిల్లలకు మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పండి, మందుల సంగతి అడగండి.

8. మర్నాడు

మర్నాడు ఏ పనీ, ఏ పెళ్లి పిలుపూ పెట్టుకోవద్దు. పొద్దున పాదాలు చూడండి, అరికాళ్లతో సహా. కాస్త ఒళ్లునొప్పులు మామూలే. రెండో రోజుకీ నొప్పి తగ్గకపోతే వచ్చేసారి నడక సగానికి తగ్గించండి. కాలు ఒకవైపే వాచినా, ఆయాసం వచ్చినా ప్రయాణ బడలికని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. అంతా బాగుంటే ఆ రోజే ఫొటోలు కాగితం మీద ప్రింటు వేయించి ఇవ్వండి, వచ్చే నెల తేదీ క్యాలెండరు మీద వాళ్ల చేతే రాయించండి.